రాగి మీద రంగుల గాజు

రాగి రేకు మీద గాజు పొడి చల్లి, 800 డిగ్రీల వేడిలో కరిగించి రంగు పండించే కళ ఇది. అమెరికా వీధి సంతల్లో, ఎండకూ గాలికీ ఎదురుగా, చేసినవారి చేతి మీదుగానే అమ్ముడవుతుంది. ఆ పనిలోని ఓపిక, ఆ సంతల్లోని నియమం రెండూ మనం తెలుసుకోదగ్గవే.

జూలైలో మూడు రోజుల పాటు అమెరికాలోని యాన్ ఆర్బర్ ఊరి నడిబొడ్డున కార్లు తిరగవు. మిషిగన్ విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న వీధుల్లో వరసగా తెల్ల టెంట్లు వెలుస్తాయి. దేశం నలుమూలల నుంచీ సుమారు వెయ్యి మంది కళాకారులు సరుకుతో దిగుతారు. చిత్రాలు, మట్టి పాత్రలు, చెక్క పనులు, నేత గుడ్డలు, నగలు... ఎంత నడిచినా తరగదు. 1960లో మొదలైన ఈ వీధి సంత ఇప్పుడు ఆ దేశంలోకెల్లా పెద్ద కళా సంతల్లో ఒకటి. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక సాయంత్రం చుట్టి రాగలిగినంత దూరం.

ఆ టెంట్లలో కొన్నింటి ముందు ఆగితే చూపు తిప్పుకోలేం. అరచేతిలో ఇమిడే గిన్నె లోపల చిక్కని నీలం. చెవి లోలాకు మీద ఆకుపచ్చ, దాని అడుగు నుంచి బంగారు మెరుపు. గోడ పలక మీద సన్నని వెండి గీతల మధ్య కుంకుమ రంగు, పసుపు, ఊదా. కుంచెతో పూసిన రంగుకు ఈ లోతు రాదు. వెలుతురు పైపొర దాటి లోపలికి వెళ్లి, అడుగునున్న లోహాన్ని తాకి తిరిగి వస్తుంది. అదే రాగి మీద ఎనామిల్ పని. రంగంతా అచ్చమైన గాజు.

"ఇంత చిన్న గిన్నెకు అంత ధరా?" అన్నది అక్కడ ఎక్కువగా వినబడే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు గిన్నె ముఖం మీద కనిపించదు. చేసిన మనిషి నోటితో చెబితేనే తెలుస్తుంది. ఈ కళ వీధి సంతలను నమ్ముకోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

పొడి కరిగి రంగు అయ్యే దాకా

ముడిసరుకు రెండే: రాగి రేకు, గాజు పొడి. రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. 18 గేజి అంటారు పనివాళ్లు. దాన్ని కత్తెరతో కోసి, సుత్తితో కొట్టి గిన్నె రూపానికి తెస్తారు. కొట్టేకొద్దీ రాగి బిరుసెక్కుతుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఉక్కును ఇలాగే కాల్చి ముంచితే గట్టిపడుతుంది. రాగి స్వభావం వేరు.

కాల్చినప్పుడు రాగి మీద నల్లటి ఆక్సైడు పొర కడుతుంది. దాన్ని పలుచటి ఆమ్లంలో నానబెట్టి వదిలిస్తారు. మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమినప్పుడు జరిగేదీ ఇదే. పులుపులోని ఆమ్లం ఆ పొరను కరిగించి కింది ఎరుపును బయటపెడుతుంది. ఘాటైన ఆమ్లాల జోలికి పోకుండా నిమ్మ ఉప్పుతో పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత మెత్తని రాతి పొడితో నీటి ధార కింద రుద్దాలి. నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోకుండా రేకంతా ఒకే పొరగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు లెక్క. అక్కడి నుంచి రేకును అంచులు పట్టుకునే కదపాలి. ఒక్క వేలిముద్ర పడినా ఆ చోట గాజు సరిగా అంటుకోదు.

ఇక గాజు. సిలికాకు బోరాక్స్, సోడా, పొటాష్ లాంటివి కలిపి కరిగించి, చల్లార్చి, పొడిగా నూరుతారు. రంగులన్నీ లోహాల చలవే. కోబాల్ట్ నీలాన్నిస్తుంది. రాగి ఆక్సైడు నెమలి మెడ రంగును, మాంగనీసు ఊదాను, ఇనుము తేనె రంగును ఇస్తాయి. తగరపు ఆక్సైడు వేస్తే గాజు పాలతెలుపుగా మారుతుంది. కెంపు రంగుకు, గులాబీకి బంగారమే కలపాలి. అందుకే ఆ పొడులు మిగతావాటి కన్నా ఖరీదు. అమెరికాలో ఎక్కువమంది వాడే పొడి కెంటకీ రాష్ట్రంలోని థాంప్సన్ ఎనామిల్ సంస్థ తయారుచేసేది. పాత పొడుల్లో సీసం ఉండేది. ఇప్పుడు సీసం లేనివే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. అయినా గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమే కాబట్టి మాస్కు లేకుండా జల్లెడ పట్టకూడదు.

రేకు మీద పలుచటి జిగురు నీళ్లు చిలకరించి, చిన్న జల్లెడతో పొడిని సమంగా రాలుస్తారు. పొడి పల్చబడితే రాగి కాలి నల్లబడుతుంది. మందమైతే పగుళ్లిస్తుంది. తడి పూర్తిగా ఆరాక రేకును ముక్కాలి మీద పెట్టి, పొడవాటి ఇనుప ఫోర్కుతో కొలిమిలోకి నెడతారు. లోపల సుమారు 800 డిగ్రీల సెల్సియస్. రాగి కరిగేది 1085 డిగ్రీల దగ్గర కాబట్టి రేకు నిలబడుతుంది, గాజు కరుగుతుంది.

ఒక్కో కాల్పుకు పట్టేది రెండు మూడు నిమిషాలే. ఆ కాస్త సేపూ కన్ను కొలిమి మీదే ఉండాలి. పొడి మొదట నల్లబడుతుంది. తర్వాత గరుకు పలుకులుగా దగ్గరికి వస్తుంది. దీన్ని పనివాళ్లు చక్కెర దశ అంటారు. ఆ పలుకులు కలిసిపోయి ఎగుడుదిగుడుగా మెరిస్తే నారింజ తొక్క దశ. ఇంకొద్ది క్షణాలకు పైభాగం నున్నగా అద్దంలా తేరుకుంటుంది. అప్పుడే బయటికి తీయాలి. ముందు తీస్తే గరుకు మిగులుతుంది. ఆలస్యమైతే అంచుల దగ్గర రంగు మాడిపోతుంది.

బయటికొచ్చిన ముక్కను చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. ఎర్ర రంగు వేసిన చోట ఇంచుమించు నలుపు కనిపిస్తుంది. చల్లారేకొద్దీ ఎరుపు తిరిగి వస్తుంది. ఒక్కో రంగు ఒక్కో వేగంతో తన రూపానికి చేరుతుంది. చల్లారాక అంచుల మీది నల్లటి పెచ్చును గీకి శుభ్రం చేసి, మరో రంగు చల్లి, మళ్లీ కొలిమిలో పెట్టాలి. ఒక మంచి ముక్క పూర్తయ్యేసరికి ఇలా ఎన్నోసార్లు నిప్పులోకి వెళ్లి వస్తుంది. చివరి కాల్పులో పగిలినా మొదటి నుంచి చేసిన శ్రమంతా పోయినట్టే.

పద్ధతులు చాలా ఉన్నాయి. తెల్లటి ద్రవ ఎనామిల్ పూసి, ఆరాక సూదితో గీసి బొమ్మ తేవచ్చు. కాగితం అచ్చు పెట్టి పొడి రాల్చవచ్చు. సన్నని వెండి తీగను వంచి గళ్లు కట్టి, ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపవచ్చు. ఈ తీగ పనిలో ఒక చిక్కుంది. వెండి కరిగేది 962 డిగ్రీల దగ్గర. కానీ వెండి, రాగి నేరుగా తగులుతూ ఉంటే ఆ రెండూ కలిసి 780 డిగ్రీల లోపే కరగడం మొదలుపెడతాయి. తీగ రాగిలోకి దిగబడిపోతుంది. అందుకే ముందు రాగి మీద రంగులేని గాజు పొర ఒకటి కాల్చి, దాని మీద తీగను నిలబెడతారు.

కనిపించని వైపే కాపాడుతుంది

ఈ కళలో ఎవరూ మెచ్చుకోని పని ఒకటుంది. వెనకవైపు పూత. గోడకు తగిలించే పలకైనా, చొక్కాకు పెట్టుకునే పిన్నైనా, వెనక కూడా ఎనామిల్ కాల్చాల్సిందే.

వేడి తగ్గేటప్పుడు రాగి, గాజు రెండూ కుంచించుకుపోతాయి. రాగి ఎక్కువ కుంచించుకుంటుంది, గాజు తక్కువ. ఒక వైపే గాజు ఉంటే రేకు ఆ వైపుకు ఉబ్బి వంగుతుంది. గాజు లోపల ఒత్తిడి పేరుకుంటుంది. కొన్నిసార్లు అక్కడికక్కడే టక్కుమని పగులుతుంది. కొన్నిసార్లు వారం తర్వాత, కొన్నవారి ఇంట్లో బల్ల మీద ఉన్నప్పుడు పెచ్చు ఊడుతుంది. రెండు వైపులా గాజు ఉంటే ఆ లాగుడు సమమై రేకు చదునుగా నిలుస్తుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, సాగదీతను ఓర్చుకోలేదు. వెనకపూత చేసేది ఆ సాగదీత రాకుండా చూడడమే.

వెనకపూతకు పొడి కావాలి, సమయం కావాలి, కాల్పు కావాలి. ధర పెంచుతుంది, అందాన్ని పెంచదు. అయినా మంచి పనివాళ్లు దాన్ని వదలరు. ఒక ఎనామిల్ కళాకారుడి నిజాయితీ ఎంతో తెలుసుకోవాలంటే వస్తువును తిప్పి చూస్తే చాలు.

వెనకవైపు మీద ఇంత శ్రద్ధ మన దేశపు నగల్లోనూ ఉంది. రాజా మాన్‌సింగ్ లాహోర్ నుంచి పనివాళ్లను రప్పించి జైపూర్ ప్రాంతంలో నిలిపాడని చెప్పుకునే మీనా పనిలో, ముందువైపు రాళ్లుంటే వెనకవైపు పువ్వులూ తీగలూ ఎనామిల్‌లో ఉంటాయి. హైదరాబాదు నిజాం నగల్లోనూ వెనక మీనా పని ఉన్నవి ఉన్నాయి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న ఆ 173 నగలను సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు హైదరాబాదీలు బారులు తీరి చూశారు. ఒంటికి ఆనే వైపును, ధరించినవారికి తప్ప ఎవరికీ కనిపించని వైపును, ముందువైపుతో సమానంగా తీర్చిన చేతులవి.

సైప్రస్ నుంచి క్లీవ్‌లాండ్ దాకా

లోహం మీద గాజు కరిగించడం చాలా పాత విద్య. సైప్రస్‌లోని కౌక్లియా దగ్గర దొరికిన బంగారు ఉంగరాల మీద ఎనామిల్ ఉంది. అవి క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం నాటివి. బైజాంటియం శిల్పులు దాన్ని బంగారం మీద పరాకాష్ఠకు తీసుకెళ్లారు. ఆ విద్య రాజుల ఖజానా దాటి విస్తరించడానికి దోహదం చేసింది రాగి. ఫ్రాన్స్‌లోని లిమోజ్ ఊళ్లో 12, 13 శతాబ్దాల పనివాళ్లు రాగి పలకను గుంటలుగా చెక్కి, వాటిలో రంగు నింపి, చర్చిలకు పెట్టెలూ శిలువలూ చేసి యూరప్ అంతటికీ పంపారు. చైనాలో 15వ శతాబ్దం నాటి జింగ్‌తాయ్ చక్రవర్తి కాలపు నీలి పాత్రలు నేటికీ ఆయన పేరుతోనే చలామణి అవుతున్నాయి.

అమెరికాలో ఈ కళకు పుట్టిల్లు ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్. ఉక్కు వస్తువులకు ఎనామిల్ పూసే పరిశ్రమ అప్పటికే ఆ ఊళ్లో ఉంది. కొలిమీ పొడీ అందుబాటులో ఉన్న ఊరు కావడంతో కళకు కలిసొచ్చింది. కెన్నెత్ బేట్స్ అక్కడి ఆర్ట్ స్కూల్లో 1927లో పాఠాలు మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా చెప్పాడు. 1951లో ఆయన రాసిన ఎనామిల్ పాఠ్యగ్రంథం ఇళ్లలో పని నేర్చుకునేవాళ్లకు పెద్ద దిక్కయింది. అదే ఊళ్లో ఎడ్వర్డ్ వింటర్ ఫ్యాక్టరీ కొలుములను వాడుకుని గోడలంత ఎనామిల్ పలకలు చేశాడు. క్లీవ్‌లాండ్ మ్యూజియం 1919 నుంచి 1993 దాకా స్థానిక కళాకారుల కోసం ఏటా నడిపిన ‘మే షో’లో ఎనామిల్‌కూ చోటు దక్కింది. ఊరి జనం అక్కడ చూసి, నచ్చితే కొనుక్కునేవారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బల్ల మీద పెట్టుకునే చిన్న ఎలక్ట్రిక్ కొలుములు వచ్చాయి. 1950ల్లో ఎన్నో అమెరికన్ ఇళ్ల గ్యారేజీల్లో, బేస్‌మెంట్లలో రాగి గిన్నెలు రంగులు తేలాయి. అలా సరదాగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆపేశారు. కొందరు జీవితమంతా చేశారు. కాలిఫోర్నియాలోని సౌసలీటోలో ఉన్న జూన్ ష్వార్జ్ 1950ల్లో ఈ పని పట్టుకుని, 2015లో 97వ ఏట కన్నుమూసే వరకూ దానితోనే ఉంది. పల్చటి రాగి రేకును మడిచి, కుట్టి, విద్యుత్తుతో దాని మీద రాగిని ఇంకా మందంగా పెంచి, ఆపై ఎనామిల్ కాల్చి ఆమె చేసిన పాత్రలు ఇవాళ మ్యూజియంలలో ఉన్నాయి.

పదడుగుల దుకాణం

మ్యూజియం గోడ దొరికేది కొద్దిమందికే. మిగతావాళ్లకు వీధి ఉంది. ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపేస్తున్న 1931లో న్యూయార్క్ వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర చిత్రకారులు కాలిబాట మీద బొమ్మలు పెట్టి అమ్ముకున్నారు. తొలినాళ్లలో అక్కడ నిలబడ్డవారిలో జాక్సన్ పొలాక్, విల్లెం డి కూనింగ్ పేర్లు చెబుతారు. షికాగోలో 57వ వీధి కళా సంత 1948లో మొదలైంది. ఫ్లోరిడాలోని వింటర్ పార్క్ సంత 1960లో, డెన్వర్‌లోని చెర్రీ క్రీక్ ఉత్సవం 1991లో వచ్చాయి. చలికాలంలో ఫ్లోరిడా, వేసవిలో మధ్య రాష్ట్రాలు. వ్యాను నిండా సరుకుతో ఋతువుల వెంట తిరిగే కళాకారులు అక్కడ ఒక జాతరలా సాగిపోతుంటారు.

పేరున్న సంతలో చోటు సంపాదించడం తేలిక కాదు. నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. దానికి రుసుము వేరు, ఎంపికైనా కాకపోయినా అది తిరిగి రాదు. పంపాల్సింది నాలుగైదు వస్తువుల ఫోటోలు, తమ టెంటు ఎలా ఉంటుందో చూపే ఫోటో ఒకటి. న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా ఆ ఫోటోలు మాత్రమే చూసి మార్కులు వేస్తారు. ఎనామిల్ కళాకారులకు ఇక్కడ ఇంకో ఇబ్బంది. చాలా సంతల్లో ఎనామిల్‌కు సొంత విభాగం ఉండదు. లోహమా, గాజా, నగలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. నగల విభాగంలో పోటీ విపరీతం. లోలాకులు చేసే చేతులు గిన్నెలు, పలకలు కూడా చేసి లోహం విభాగంలో అదృష్టం చూసుకోవడం వెనుక ఈ లెక్క ఉంటుంది.

ఎంపికైతే స్థలం అద్దె కట్టాలి. వందల డాలర్లు. పెద్ద సంతల్లో వెయ్యి దాటడమూ మామూలే. ఆ డబ్బుకు దొరికేది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. టెంటు, అల్మారాలు, దీపాలు అన్నీ సొంతవే. పెట్రోలు, బస, పన్ను అదనం. మొదటి వస్తువు అమ్ముడయ్యేలోపే జేబులోంచి ఇదంతా పోతుంది.

ఎనామిల్‌కు వీధిలో ఒక పెద్ద అనుకూలత ఉంది. నీటిరంగు చిత్రం ఎండకు వెలుస్తుంది, కాగితం చెమ్మకు ముడుచుకుంటుంది. ఎనామిల్ రంగు గాజులోనే ఉంది కాబట్టి ఎండా వానా దాన్ని ఏమీ చేయలేవు. దాని శత్రువు గాలి. వేసవి తుపాను గాలికి టెంటు లేచిందంటే గాజు గట్టి నేల మీద పడుతుంది, పెచ్చు ఊడుతుంది. అందుకే ఒక్కో కాలికీ పద్దెనిమిది, ఇరవై కిలోల బరువు కట్టడం అక్కడ నేర్చుకునే మొదటి పాఠం. ఇసుక సంచులు, కాంక్రీటు నింపిన గొట్టాలు వ్యానులో సరుకుతో పాటే ప్రయాణిస్తాయి. ఆకాశం నల్లబడగానే పక్క టెంటువాళ్లు ఒకరి టెంటును ఒకరు పట్టుకుని నిలబడతారు. అమ్మకాల్లో పోటీదారులే, గాలి వచ్చినప్పుడు ఇరుగుపొరుగు.

సరుకు సర్దడంలోనూ ఒక నేర్పు కనిపిస్తుంది. గోడ పలకలు వెనక, కంటి ఎత్తులో. వాటి ధర వందల డాలర్లలో. జనాన్ని టెంటులోకి లాగేది అవి. చెవి లోలాకులు, పిన్నులు ముందు బల్ల మీద. అవి పదుల డాలర్లలో దొరుకుతాయి. స్థలం అద్దె తీర్చేది ఎక్కువగా అవే. పెద్ద పలకను మెచ్చుకుని, చిన్న లోలాకు కొనుక్కుని వెళ్లిన మనిషి మర్నాడు భర్తనో, అక్కనో వెంటబెట్టుకుని ఆ పలక కోసం తిరిగి రావడం సంతల్లో అనుభవజ్ఞులు ఎదురుచూసే క్షణం.

కొనేముందు...

• వస్తువును తిప్పి చూడండి. వెనక కూడా ఎనామిల్ ఉందా, రేకు చదునుగా ఉందా గమనించండి.
• వెలుతురులో వంచి చూడండి. సన్నని పగుళ్లు, సూది బెజ్జాలు ఉంటే తెలిసిపోతాయి.
• అంచుల మీద వేలు పోనివ్వండి. గీకి నున్నగా చేసిన అంచు ఓపికకు గుర్తు.
• గిన్నె అయితే తినడానికి వాడవచ్చా అని అడగండి. పాతకాలపు ముక్కల్లో సీసం ఉండవచ్చు, వాటిని అలంకారానికే ఉంచాలి.
• శుభ్రం చేయడానికి మెత్తని గుడ్డ, సబ్బు నీళ్లు చాలు. కింద పడకుండా చూసుకుంటే రంగు తరాల పాటు నిలుస్తుంది.

చేసినవారే నిలబడాలి

ఈ సంతలన్నింటికీ ప్రాణం లాంటి నియమం ఒకటుంది. వస్తువును చేసిన మనిషే టెంటులో ఉండాలి. ప్రతినిధిని పంపితే కుదరదు. ఎక్కడో టోకున కొని తెచ్చి అమ్మితే బయటికి పంపేస్తారు. చాలాచోట్ల మొదటి రోజు ఉదయం ఫోటో గుర్తింపు కార్డు చూసే స్థలం అప్పగిస్తారు. చూడ్డానికి కఠినంగా ఉన్నా, చేతిపనిని బతికిస్తున్నది ఈ నియమమే.

యంత్రం అచ్చువేసిన రంగుల లోలాకు, తొమ్మిదిసార్లు నిప్పులోకి వెళ్లి వచ్చిన లోలాకు దూరం నుంచి ఒకేలా కనిపించవచ్చు. తేడాను చెప్పగలిగేది చేసిన మనిషి ఒక్కరే. వెనకపూత ఎందుకో, ఆ గులాబీ రంగులో బంగారం ఎందుకో, చివరి కాల్పులో ఎన్ని పోతాయో చేసిన చేయి చూపిస్తూ చెబితే కొనేవారికి ధర అర్థమవుతుంది. మధ్యలో ఇద్దరు దళారులుంటే ఆ మాట చేరదు. ధర మాత్రమే చేరుతుంది. అప్పుడు చవకగా ఇచ్చేవాడే గెలుస్తాడు.

మనకు ఈ సంగతి కొత్త కాదు. మాదాపూర్ శిల్పారామంలో చేతిపనివాళ్లు తామే కూర్చుని అమ్మే దుకాణాల దగ్గర ఎంతసేపైనా నిలబడాలనిపిస్తుంది. చేర్యాల బొమ్మకు రంగు వేస్తున్న చేతిని, పెంబర్తి ఇత్తడిని చెక్కుతున్న ఉలిని చూశాక బేరం ఆడాలనిపించదు. కానీ మన ఊళ్లలో ఏటా వెలిసే ఎన్నో హస్తకళల మేళాల్లో చేసినవారి పక్కనే, అదే అద్దె కట్టి, టోకు సరుకు తెచ్చిన వ్యాపారి కూర్చుంటాడు. అతని దగ్గర ధర సగం. పక్కవాడి చేతిలోని కాయలు ఎవరికీ కనిపించవు. రెండు రోజులు చూసి మూడో రోజు ఆ చేతిపనివాడు బేరానికి తల వంచుతాడు. మరుసటి ఏడు రాడు. అతని పిల్లలు ఆ పని నేర్చుకోరు.

దీనికి మందు పెద్ద నిధుల్లో లేదు. మేళా నిర్వాహకులు దరఖాస్తులోనే ఒక వాక్యం చేర్చవచ్చు: చేసినవారికే చోటు. సరుకు తెచ్చి అమ్మేవారికి వేరే వరస ఇవ్వవచ్చు, బోర్డు మీద ఆ మాట రాయవచ్చు. చేసే తీరును చూపడానికి ప్రతి దుకాణం ముందూ కాస్త జాగా వదలవచ్చు. రాష్ట్ర ప్రభుత్వాల హస్తకళల సంస్థలు తమ మేళాల్లో ముందు అమలు చేస్తే ప్రైవేటు నిర్వాహకులకు దారి ఏర్పడుతుంది.

కొనేవారిగా మన వంతు ఇంకా చిన్నది. ధర అడిగేముందు "ఇది మీరే చేశారా? ఎలా చేశారు?" అని అడగడం. సరుకు తెచ్చి అమ్మేవాడు ఆ ప్రశ్నకు తడబడతాడు. చేసినవాడి ముఖం వెలుగుతుంది, కథ మొదలవుతుంది. అలా అడిగేవాళ్లు పెరిగితే నిర్వాహకులు నియమం పెట్టక తప్పదు. నియమం నిలబడితే, తన వస్తువుకు తగిన ధర చెప్పి, అది ఎందుకంతో వివరించి, తల ఎత్తుకుని అమ్ముకునే హక్కు చేతిపనివాడికి దక్కుతుంది.